రెండు గీతలు ఎక్కడ పోయాయి?

మాఘమాసం ముహూర్తాలు మొదలైతే నంద్యాల డీటీపీ షాపుల్లో ఎవరికీ వేళకు అన్నం దిగదు. గాంధీచౌక్ దగ్గర సందులో నేను మ్యాటర్ కొట్టే రోజుల్లో రోజుకు ఏడెనిమిది పెళ్లికార్డులు చేతి మీదుగా పోయేవి. అప్పటికే జనం చేతిరాత కాగితాలు తేవడం మానేశారు. మ్యాటరంతా వాట్సాప్‌లో వచ్చి పడేది. ఫోన్లో కొట్టిన తెలుగేమో యూనికోడ్, మేం కార్డులు అమర్చే పేజ్‌మేకర్‌కు తెలిసిన తెలుగేమో అను ఫాంటు. రెండింటికీ పొసగదు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది. తర్వాత అడోబీవాళ్లే దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్ పట్టుకున్నారు. మా షాపులు మాత్రం వదల్లేదు. అలవాటుపడ్డ వేళ్లు కొత్త కీబోర్డుకు ఒప్పుకోవు, అదొక్కటే అసలు కారణం, మిగతావన్నీ సాకులు.

అందుకని మధ్యలో ఒక చిన్న కన్వర్టర్ వాడేవాళ్లం. ఎవరో ఒకతను తీరిక వేళల్లో రాసి ఉచితంగా ఇచ్చిన ప్రోగ్రాం. ఎడమ గడిలో ఫోన్ తెలుగు వేసి బటన్ నొక్కితే కుడి గడిలో అను తెలుగు వచ్చేది. రోజుకు రెండు గంటల టైపింగ్ మిగిలేది. రెండేళ్లు వాడుకుని ఒక్కరోజు కూడా అతనికి బాగుందని రెండు ముక్కలు రాసిన పాపాన పోలేదు.

ఒక సాయంత్రం నూనెపల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చి కార్డుల కట్ట బల్ల మీద పెట్టాడు. ఐదొందల కార్డులు, అచ్చయి, మడతపడి, కవర్లతో సహా.

"మా నాయన పేరు ముందర ఏం రాసినారో సూడప్పా" అన్నాడు.

చూశాను. "కీశే" అని ఉంది. ఉండాల్సింది "కీ॥శే॥". పెళ్లికూతురి పేరు ముందు "చిలసౌ" ఉంది. ముహూర్తం దగ్గర "ఉగం 10-32నిలకు" అని ఉంది. కార్డు మొత్తంలో నిలువు గీత ఒక్కటి లేదు. ప్రూఫు చూసి సంతకం పెట్టింది ఆయన తమ్ముడే. కానీ చనిపోయిన తండ్రి పేరు మీద వేలు పెట్టుకుని నిలబడ్డ మనిషికి ఆ సంతకం చూపించబుద్ధి కాలేదు. మళ్లీ వేసిచ్చాం. కాగితం ఖర్చు షాపుది, తిట్లు నావి.

ఆ రాత్రి కన్వర్టర్ రాసినతనికి మెయిల్ కొట్టాను. మాటలు ఇంకా గుర్తున్నాయి. "మీ సాఫ్ట్‌వేర్ సరిగా పనిచేయడం లేదు. మీ వల్ల మాకు చాలా నష్టం వచ్చింది. ఇలాంటివి చేసేటప్పుడు టెస్ట్ చేసి ఇవ్వాలని తెలీదా? వెంటనే సరిచేయండి."

నాలుగు వాక్యాలున్నాయి, ఒక్క దాంట్లోనూ విషయం లేదు. మర్నాడు అతను మర్యాదగానే అడిగాడు, ఏం తప్పు వచ్చిందో కాస్త చెబుతారా అని. నాకు ఇంకా మండింది. ఇంత జరిగితే ఏం తప్పని అడుగుతాడేంటి! జవాబివ్వలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించి పడుకున్నాను. కన్వర్టర్ అలాగే ఉంది, గీతలు అలాగే మాయమవుతున్నాయి, నేను మాత్రం ప్రతి కార్డులో వాటిని చేత్తో పెట్టుకుంటూ కూర్చున్నాను.

ఆళ్లగడ్డలో విన్న ప్రశ్న

పదిహేను రోజుల తర్వాత ఒక గుడి శిలాఫలకం పని మీద ఆళ్లగడ్డ పోయాను. నంద్యాల నుంచి కడప రోడ్డులో, శిరివెళ్ల దాటి, నలభై కిలోమీటర్ల పైచిలుకు. ఆ ఊళ్లో బస్సు దిగకముందే గ్రైండర్ల రొద వినిపిస్తుంది. రోడ్డు పక్కన సగం చెక్కిన ఆంజనేయులు, నందులు, చుట్టూ తెల్లటి రాతిపొడి. ఇక్కడి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఫలకం మీది అక్షరాలు కంప్యూటర్లో నేనే సెట్ చేసిచ్చాను, ఒకసారి కళ్లారా చూసుకుని పోదామని వెళ్లాను. రాతి మీద తప్పు పడితే రెండో ప్రూఫు ఉండదు మరి.

నేను పోయేసరికి ఏదో పల్లె నుంచి గుడి కమిటీ పెద్దాయన వచ్చి ఉన్నాడు. ఆయన చేయించుకుంటున్న విగ్రహం నడుం ఎత్తున నిలబడి ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని చూసి పెదవి విరిచాడు.

"ముఖంలో కళ రాల్యా సామీ."

నేనైతే ఆ మాటకు ఉడికిపోయేవాణ్ని. విగ్రహం చెక్కుతున్న ఆచారి ఉలి కింద పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని అడిగాడు. "యాడ నిలబడి సూసినారు పెద్దాయనా?"

"ఈడనే."

"అక్కడ ఎండ పక్కనుంచి పడతాది. గర్భగుడిలో దీపం ఎదురుగా ఉంటాది గదా. ఇట్ల ఎదురుగా వచ్చి సూడండి. ఇప్పుడు?"

పెద్దాయన జరిగాడు. తల అటూ ఇటూ వంచాడు. "ఇప్పుడు కొంచెం మేలు. అయినా ఏందో..."

"కన్నా, పెదవా, దవడా?"

చాలాసేపు చూసి, "ఎడమ దవడ లావుగా ఉండాదేమో" అన్నాడు.

ఆచారి కంపాసు తీసి ముక్కు మధ్యగీత నుంచి అటూ ఇటూ పెట్టి చూశాడు. నూలు తేడా ఉంది. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. "ఉండాది. దిగుతాది లెండి" అని సుద్దముక్కతో ఆ చోట చిన్న గీత గీశాడు. కమిటీ పెద్దాయన ముఖంలో మాత్రం అప్పుడే కళ వచ్చింది.

బస్సులో తిరిగొస్తూ అదే ఆలోచన. "కళ రాలేదు" అన్న మాటతో ఏ శిల్పీ ఏమీ చేయలేడు. "ఎడమ దవడ ఒక నూలు ఎక్కువ" అంటే పది నిమిషాల పని. శిల్పులకు కొలతలు ఎప్పటినుంచో ఉన్నాయి. ముఖం పొడవు ఒక తాళం, తాళానికి పన్నెండు అంగుళాలు, నవతాళ విగ్రహమంటే మొత్తం నూటెనిమిది. అందుకే చూసినవాడి అసంతృప్తిని ఎక్కడో ఒక అంగుళం దగ్గరికి లాక్కురాగలరు. కంప్యూటర్ ముందు కూర్చున్న మనకు ఆ కొలత ఎవరూ నేర్పలేదు. "పనిచేయట్లేదు", "స్ట్రక్ అయింది", "ఏదేదో వస్తాంది" అంటాం. ఇవన్నీ కళ రాలేదనడం లాంటివే.

నా మెయిల్‌ కూడా అంతే. పైగా అతను అడిగింది ఆచారి అడిగిన ప్రశ్నే. కన్నా, పెదవా, దవడా అని. నేను కోపంతో తలుపేసుకున్నాను.

రెండో ఉత్తరం

ఆ రాత్రే మళ్లీ రాశాను. ఈసారి పావుగంట పట్టింది. ఇదిగో, దాదాపు ఉన్నదున్నట్టు:

"నమస్తే. మొన్న కోపంలో రాశాను, ఏమనుకోకండి. నంద్యాలలో డీటీపీ చేస్తాను. మీ కన్వర్టర్ రెండేళ్లుగా రోజూ వాడుతున్నాను. అబౌట్‌లో 1.4 అని ఉంది, సిస్టమ్ విండోస్ 7. నేను చేసింది: వాట్సాప్ నుంచి కాపీ చేసిన ఈ లైను ఎడమ గడిలో వేసి బటన్ నొక్కాను – చి॥ల॥సౌ॥ లక్ష్మి. వచ్చింది: చిలసౌ లక్ష్మి. రావాల్సింది: గీతలతో సహా. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, జంట నిలువు గీతలు మాత్రమే పోతున్నాయి. పదిసార్లు చేశాను, పదిసార్లూ పోయాయి. గీతలు నేనే కీబోర్డు మీది నిలువు గుర్తుతో రెండుసార్లు కొడితే పోవడం లేదు. ఒక ఫైలు జత చేస్తున్నాను, పేర్లు మార్చాను."

రెండు రోజులకు జవాబొచ్చింది, కొత్త వెర్షన్‌తో పాటు. కారణం కూడా రాశాడు. యూనికోడ్‌లో తెలుగుకంటూ నూట ఇరవై ఎనిమిది గళ్ల పెట్టె ఒకటుంది. అచ్చులు, హల్లులు, గుణింతం గుర్తులు, అంకెలు అన్నీ అందులోనే. ఈ జంట గీత మాత్రం అందులో లేదు. దండం, జంట దండం భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడి అని చెప్పి దేవనాగరి పెట్టెలో పెట్టారు. కన్వర్టర్ తెలుగు పెట్టెలో, ఇంగ్లీషు పెట్టెలో మాత్రమే వెతికేది. మూడో పెట్టెలోంచి వచ్చినదాన్ని చుట్టం కాదనుకుని బయటే వదిలేసేది. నేను కీబోర్డు నిలువు గుర్తుతో కొడితే పోవడం లేదని రాశాను చూడండి, ఆ ఒక్క వాక్యంతో తనకు దొంగ దొరికాడన్నాడు. ఎందుకంటే ఆ గుర్తు ఇంగ్లీషు పెట్టెలోది.

అతను టెస్ట్ చేయకుండా ఇచ్చాడని నేను తిట్టాను గానీ, చేశాడు. వార్తలు, కథలు వేసి చేశాడు. వాటిలో జంట గీతలు ఎన్నుంటాయి? పెళ్లికార్డులో మాత్రం చి॥, కీ॥శే॥, గం॥, ని॥, మొదటి నుంచి చివరి దాకా అవే. అతని బల్ల మీదకు పెళ్లికార్డు ఎప్పుడూ రాలేదు, నా బల్ల మీదకు వేరేది ఎప్పుడూ రాలేదు. వాడేవాడి అభిప్రాయానికి విలువ ఇక్కడే ఉంది. తయారుచేసినవాడికి తెలియని బల్ల ఒకటి మన దగ్గర ఉంటుంది. మన కోపం అతనికి అక్కర్లేదు, మన బల్ల మీద ఏముందో చెబితే చాలు.

కాబట్టి ఉత్తరంలో మూడు సంగతులు తప్పనిసరి: నేనేం చేశాను, ఏమొచ్చింది, ఏం రావాలి. నాలుగోది ఎక్కడ నిలబడి చూశాను, అంటే ఏ వెర్షన్, ఏ విండోస్. పుట్టీ అనే చిన్న ప్రోగ్రాం రాసిన సైమన్ టాథమ్ అనే ఇంగ్లాండు ఆయన సాఫ్ట్‌వేర్ తప్పుల్ని ఎలా చెప్పాలో 1999లోనే ఒక పెద్ద వ్యాసం రాశాడు. ప్రపంచమంతటా ప్రోగ్రామర్లు ఇప్పటికీ ఫిర్యాదు చేసినవాళ్లకు అదే చదవమని పంపుతుంటారు. దాని సారం నాకు అర్థమైనంతలో ఇది: రాసినవాడు మీ గదిలో లేడు, మీరు చూసింది అతని కళ్ల ముందు కూడా జరిగేలా చేయండి. నేను అది చాలా ఆలస్యంగా చదివాను. అప్పటికి ఆళ్లగడ్డలో చదువు అయిపోయింది.

జరిగింది అందరికీ జరిగేలా చెప్పగలిగితే కొండంత కంపెనీ కూడా కదులుతుంది. 2018 ఫిబ్రవరి గుర్తుందా? "జ్ఞా" అనే మన అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీత గుర్తుతో వస్తే, ఐఫోన్లు, మ్యాక్ కంప్యూటర్లలో యాప్‌లు కుప్పకూలాయి. తెలుగంటే ఏమిటో తెలియని దేశాల్లో కూడా ఆ అక్షరం వార్తల్లోకెక్కింది. ఎవరు వేసినా, ఎక్కడ వేసినా అదే ఫలితం. ఐఓఎస్ 11.2.5లో ఉన్న ఆ తప్పును అదే నెల 19న 11.2.6లో సరిచేశారు. ఫోను ఊరికే హ్యాంగ్ అవుతోందని లక్షమంది మొత్తుకున్నా అంత తొందరగా జరిగేది కాదు. ఏ అక్షరమో తెలిసింది కాబట్టే జరిగింది. జ్ఞానంలోని అక్షరమే యాప్‌లను పడగొట్టిందని అప్పట్లో మా షాపులో తెగ నవ్వుకున్నాం.

ఓనర్‌ను కాదు, గుమాస్తాను అడగండి

ఇది కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని అందరూ మరిచిపోతారు.

నంద్యాల అంటే బియ్యం. టెక్కె మార్కెట్ యార్డు చుట్టుపక్కల సోనా బస్తాల లెక్క రాసుకునే కొట్లు చాలా ఉన్నాయి. అందులో ఒకదానికి మనూరి కుర్రాడే బిల్లింగ్ ప్రోగ్రాం రాసిచ్చాడు. ఒకే కంప్యూటర్, ఒకే ప్రింటర్, నెట్టు లేకపోయినా నడుస్తుంది. బాగానే సాగుతుండగా 2022 జూలై 18 వచ్చింది. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే ఐదు శాతం జీఎస్టీ అన్నారు. 25 దాటితే లేదు. వ్యాపారులు ఊరుకుంటారా! తెలుగు రాష్ట్రాలంతటా 26 కిలోల బస్తాలు దిగాయి.

ఓనరు కుర్రాడికి ఫోన్ చేశాడు. "నీ బిల్లు తప్పొస్తాంది, ట్యాక్స్ ఎక్కువ పడతాంది." కుర్రాడు రేట్లు చూశాడు, సరిగ్గానే ఉన్నాయి. లెక్క చూశాడు, పైసా తేడా లేదు. "సరిగ్గానే ఉందన్నా" అన్నాడు. "నాకు తెల్దా, తప్పొస్తాంది" అని ఆయన. నాలుగు రోజులు ఇదే పాట. ఈయన అబద్ధం చెప్పడం లేదు, ఆ పిల్లోడూ అబద్ధం చెప్పడం లేదు.

ఆఖరికి కుర్రాడు కొట్టుకు వచ్చి ఓనరు పక్కన కాకుండా గుమాస్తా వెనక స్టూలేసుకుని కూర్చున్నాడు. ఏమీ మాట్లాడలేదు. ఒక బిల్లు చూశాడు, రెండు చూశాడు. మూడో బిల్లు దగ్గర అర్థమైంది. బస్తా సైజుల జాబితాలో 25 ఉంది, 26 లేదు. గుమాస్తా తెలివైనవాడు, పని ఆపడు. 25 ఎంచుకుని, సరుకు పేరు దగ్గర చేత్తో "26 కేజీ" అని రాసి, రేటు దిద్దేవాడు. కంటికి బిల్లు బాగానే ఉంటుంది, లోపల ప్రోగ్రాం మాత్రం 25 అనుకుని పన్ను వేస్తుంది.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం బాబాయ్?"

"నన్నెవరూ అడగలేదు గదప్పా."

అమ్మయినా అడగందే పెట్టదంటారు. ఆ మాట అడిగేవాడి గురించే అనుకుంటాం, గుమాస్తా దగ్గర ఉన్న తెలివిని అడిగి రాబట్టుకోవాలని కూడా అందులోనే ఉంది. మీరు ఓనరైతే ఫిర్యాదు మీరు చేయకండి. కీబోర్డు మీద చేయి పెట్టినవాడి చేత చేయించండి. ఫోన్ అతని చేతికివ్వండి. "బిల్లు తప్పొస్తోంది" అనేది తీర్పు. "26 లేదు కాబట్టి 25 కొడుతున్నాను" అనేది సాక్ష్యం. సాఫ్ట్‌వేర్ తీర్పుతో బాగుపడదు.

అతి తెలివితో మనం చేసుకునే దొంగదారులను కూడా దాచకూడదు. నేను గీతలు చేత్తో పెట్టుకున్నట్టు, గుమాస్తా పేరు దిద్దినట్టు. అవి మన నేర్పు అనుకుంటాం. రాసినవాడికి అవి సుద్దగీతలు, ఎక్కడ చెక్కాలో చూపించేవి. అదే 2022లో ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. ఎన్ని ప్రోగ్రాముల్లో జిల్లాల జాబితాలో మన పేరు లేదో, మనం ఎన్ని నెలలు "కర్నూలు" అని ఎంచుకుని కింద అడ్రసులో "నంద్యాల జిల్లా" అని రాసుకున్నామో గుర్తు చేసుకోండి. చెప్పింది మాత్రం ఎందరు?

చేతికందే కొన్ని సంగతులు

స్క్రీన్‌ను ఫోన్‌తో వంకరగా ఫొటో తీసి, ట్యూబులైటు వెలుగుతో సహా పంపకండి. విండోస్ 10, 11లలో విండోస్ కీ, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే కావలసిన మేర కత్తిరించుకోవచ్చు. పాత సిస్టమ్ అయితే ప్రింట్‌స్క్రీన్ కొట్టి పెయింట్‌లో అతికించండి. అయితే బొమ్మ ఒక్కటే చాలదు. తెలుగు అక్షరాల గొడవ అయితే ఆ అక్షరాలనే ఫైలుగా పంపాలి. మన కంటికి ఒకేలా కనిపించే రెండు గీతలు లోపల వేరువేరు పెట్టెల్లోవి కావచ్చని పైన చూశాం గదా.

ఎర్రర్ బాక్స్ వస్తే భయపడి ఓకే నొక్కేయడం మనందరి జబ్బు. ఇంట్లో పాము కనిపిస్తే తలుపేసుకున్నట్టు. ఆగి, అందులో ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. అర్థం కానక్కర్లేదు. అందులోని అంకె మీకు చెత్త కావచ్చు, అతనికి ఇంటి నంబరు.

ఒక ఉత్తరంలో ఒక్కటే సంగతి. పదకొండు ఫిర్యాదులు కలిపి రాస్తే తేలికైనవి మూడు సరిచేసి, మీకు ముఖ్యమైనది మరిచిపోతాడు. తప్పునూ కోరికనూ కలపకండి. గీతలు పోవడం తప్పు, ఫాంటు రంగులు మార్చే బటన్ కావాలనడం కోరిక. కోరిక కోరడంలో తప్పేం లేదు. అయితే "నాకిది కావాలి" అనే ముందు "నేను ఫలానా పని చేస్తూ ఫలానా చోట ఆగిపోతున్నాను" అని చెప్పండి. మీరు అడిగిన బటన్ కన్నా మంచి దారి అతనికి తట్టవచ్చు.

ఫైలు పంపేటప్పుడు ఖాతాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు, పాన్ నంబర్లు మార్చి పంపండి. సాయం చేస్తానని చెప్పి మీ కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే ప్రోగ్రాం వేయమంటే, అతను మీకు నిజంగా తెలిసినవాడైతేనే వేయండి. ఆ సమయంలో బ్యాంకు పేజీలు మూసేయండి. ఓటీపీ మాత్రం ఎవరికీ వద్దు. ఇది వేరే అధ్యాయమంత సంగతి, ఇక్కడ ఇంతే.

ఇక రెండోవైపు మనిషికి, అంటే ఇలాంటి చిన్న ప్రోగ్రాములు రాసే మన ఊళ్ల పిల్లలకు కూడా ఒక మాట. నా కంప్యూటర్లో బాగానే వస్తోందన్నది జవాబు కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు ఉంటుంది. దేశమంతా కొట్టుకొట్టునా నడిచే లెక్కల ప్రోగ్రాం ట్యాలీ పుట్టిందే ఒక ఫిర్యాదులోంచి. 1986లో శ్యామ్ సుందర్ గోయెంకా తన వ్యాపారం లెక్కలకు సరిపోయే ప్రోగ్రాం దొరక్క కొడుకు భరత్‌తో రాయించుకున్నారు. మొదటి వాడకందారు ఇంట్లోనే ఉన్నాడన్నమాట. తండ్రి పెదవి విరిస్తే కొడుకు మెయిల్ చూడలేదనడానికి వీల్లేదు. ప్రతి ఖాతాకూ ఒక కోడ్ నంబరు బట్టీపట్టాల్సిన పని లేకుండా, పేరు కొడితే సరిపోయేలా ఆ ప్రోగ్రాం వచ్చిందంటే, అది లెక్కల మనిషి పక్కన కూర్చుని రాసిందని తెలిసిపోతుంది.

తప్పు పట్టినవాడికి కృతజ్ఞత చెప్పడంలో కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్‌ను మించినవాడు లేడు. తన పుస్తకాల్లో తప్పు చూపించినవాళ్లకు 2.56 డాలర్ల చెక్కు పంపేవాడు ఆ పెద్దమనిషి. 256 సెంట్లన్నమాట, కంప్యూటర్ లెక్కలో అదొక గుండ్రటి అంకె. చాలామంది దాన్ని బ్యాంకులో వేయకుండా ఫ్రేమ్ కట్టించుకున్నారు. మన పిల్లలు చెక్కులు పంపక్కర్లేదు. "మీరు చెప్పింది సరిచేశాను, ఒకసారి చూడండి" అని ఒక్క ముక్క రాస్తే చాలు, మళ్లీ తప్పు కనపడినప్పుడు ఆ మనిషి తిట్టడు, చెబుతాడు. వినియోగదారుడు దేవుడనే మాట నాకు పెద్దగా నచ్చదు. దేవుడైతే వరం అడగక్కర్లేదు, ఎక్కడ నిలబడి చూశావని అడగడానికీ వీలుండదు. పక్క బల్ల మనిషి అనుకుంటే చాలు.

కన్వర్టర్ రాసినతను ఆ రెండో ఉత్తరం తర్వాత ఒక సాయం అడిగాడు. మీ ఊరి కార్డుల్లో ఇంకా ఏమేం గుర్తులు వస్తాయో చూడాలి, పాత మ్యాటర్లు ఉంటే పేర్లు తీసేసి పంపుతారా అని. ఒక ఆదివారం కూర్చుని పెళ్లివి, గృహప్రవేశాలవి, కర్మకాండల కార్డులవి, అహోబిలం ఉత్సవాల కరపత్రాలవి కలిపి నలభై మ్యాటర్లు పంపాను. వాటిలో అతనికి ఇంకో మూడు తప్పులు దొరికాయి. ఒకటి నేనెప్పుడూ గమనించనిది.

రెండేళ్లకు నూనెపల్లె పెద్దాయన మళ్లీ వచ్చాడు, చిన్నకూతురి పెళ్లి. ఈసారి తమ్ముణ్ని పంపలేదు, ప్రూఫు తనే చూస్తానన్నాడు. కళ్లజోడు పెట్టుకుని మిగతా కార్డంతా వదిలేసి తిన్నగా తండ్రి పేరు దగ్గరికి పోయాడు. వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"కీ దగ్గర రెండు. శే దగ్గర రెండు. ఉండాయిలే, వేసెయ్యప్పా."